క్లైమేట్ ఉద్యోగం ఆఫర్ ఒప్పుకునే ముందు లాబీమ్యాప్ తెరిచి చూడండి: వాడాక నా రివ్యూ

క్లైమేట్ అనే మాట ఉన్న ఆఫర్ లెటర్ చేతికొచ్చి, ఆ కంపెనీని నమ్మొచ్చో లేదో తేల్చుకోలేక నలిగిపోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. లాబీమ్యాప్ అని ఒక ఉచిత వెబ్‌సైట్ ఉంది. ఇన్‌ఫ్లుయెన్స్‌మ్యాప్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని నడుపుతోంది, ఆ సంస్థ 2015లో లండన్‌లో మొదలైంది. ఇది ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ల కోసం పెట్టిన సైట్ కాదు, ఎక్కువగా ఇన్వెస్టర్లు, జర్నలిస్టులు వాడుకుంటారు, కానీ నా ఆఫర్ విషయంలో అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది ఇదే. దీంతోపాటు కంపెనీల ఉద్గార లక్ష్యాలు చూపించే ఎస్‌బీటీఐ (సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనీషియేటివ్) డ్యాష్‌బోర్డు, చమురు, గ్యాస్ కంపెనీల మీద గోగెల్ అనే ఇంకో జాబితా కూడా వాడాను. వాటి సంగతీ చెప్తాను.

ముందు ఆఫర్ ఏమిటో చెప్పాలి, లేకపోతే ఈ టెన్షన్ అంతా ఎందుకో అర్థం కాదు. ఒక పెద్ద చమురు, గ్యాస్ కంపెనీ. దానిలో 'లో కార్బన్', అంటే తక్కువ కార్బన్ వదిలే పనుల విభాగం. కార్బన్ క్యాప్చర్ ప్రాజెక్టు ఒకదానికి లెక్కలు చూసే అనలిస్ట్ పని: ఫ్యాక్టరీ పొగ గొట్టం దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ని ఎంత పట్టుకున్నారు, ఎంత తప్పించుకుపోయింది, దీనికి ఎంత కరెంటు ఖర్చయింది, ఇవన్నీ కలిపి రిపోర్టు తయారుచేయడం. జీతం బాగుంది. పని నాకు వచ్చిన పనే, ఇష్టమైన పనే. అయినా ఆఫర్ లెటర్ చూసినప్పటి నుంచీ మనసు కుదుటపడలేదు.

తెలిసినవాళ్లని అడిగితే రెండు రకాల జవాబులే వచ్చాయి. చమురు కంపెనీ అనగానే ఛీ వద్దు అనేవాళ్లు కొందరు. క్లైమేట్ విభాగమే కదా, ఇంకేం కావాలి, చేరిపో అనేవాళ్లు ఇంకొందరు. నాకు రెండూ నచ్చలేదు, ఎందుకంటే రెండు వైపులా చూస్తున్నది బోర్డు మీది పేరునే. మొదటివాళ్లు కంపెనీ పేరు చూస్తున్నారు, రెండోవాళ్లు విభాగం పేరు చూస్తున్నారు. నేను తెలుసుకోవాలనుకున్నది వేరే: ఈ కంపెనీ బయట చెప్పే మాటా, చట్టాలు తయారయ్యే చోట చెప్పే మాటా ఒకటేనా? ఎందుకంటే నేను తయారుచేసే రిపోర్టు ఆ రెండో చోటికి కూడా వెళ్తుంది.

లాబీమ్యాప్ సరిగ్గా అక్కడే పనికొస్తుంది. కంపెనీ పేరు కొడితే ఎ ప్లస్ నుంచి ఎఫ్ దాకా ఒక గ్రేడు కనిపిస్తుంది. ఆ కంపెనీ వాతావరణ విధానాలకు సాయపడుతోందా, అడ్డం పడుతోందా అన్నదానికి వేసిన గ్రేడు అది. ఎంత పొగ వదులుతోందన్నదానికి కాదు, ఈ తేడా గుర్తుంచుకోవాలి. చాలామంది గ్రేడు చూసి మూసేస్తారు. అలా చేయకండి. కింద ఒక పెద్ద గళ్ల పట్టిక ఉంటుంది. ఒక వైపు విషయాలు: కార్బన్ పన్ను, ఎమిషన్స్ ట్రేడింగ్ (ఉద్గారాల కోటాలు కొనడం, అమ్మడం), రెన్యువబుల్ చట్టాలు, ఇంధన పొదుపు ప్రమాణాలు, ఇలా. ఇంకో వైపు ఆధారాలు ఎక్కడివన్నది: కంపెనీ సొంత వెబ్‌సైట్, సీఈఓ మాటలు, వార్తలు, ప్రభుత్వాలు అభిప్రాయాలు అడిగినప్పుడు కంపెనీ రాసిచ్చిన పత్రాలు. ఒక్కో గడిలో మైనస్ రెండు నుంచి ప్లస్ రెండు దాకా మార్కు. గడి మీద క్లిక్ చేస్తే ఆ మార్కు ఎందుకు వచ్చిందో ఆధారం బయటికొస్తుంది, అసలు పత్రంలోని వాక్యాలతో సహా.

నాకు ఆఫర్ ఇచ్చిన కంపెనీ పేజీలో నేను ఎక్కువసేపు కూర్చున్నది ఒకే వరుస దగ్గర. వెబ్‌సైట్ కింద ఉన్న గడిలో ప్లస్ మార్కు, ఉద్గారాలకు హద్దులు పెట్టే నిబంధనలను సమర్థిస్తాం అని రాసుకున్నారు కాబట్టి. అదే వరుసలో నాలుగు గళ్లు పక్కకి జరిగితే, ప్రభుత్వానికి రాసిచ్చిన పత్రం కింద మైనస్ రెండు. తెరిచి చదివాను. మీథేన్ లీకుల మీద నిబంధన ఇంకా వదులుగా ఉండాలనీ, గడువు పొడిగించాలనీ, మినహాయింపులు పెంచాలనీ పేజీలకు పేజీలు రాశారు. మీథేన్ అంటే ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచే వాయువు. పైపులు బిగించి, వాల్వులు మార్చి లీకులు ఆపడం ఈ పరిశ్రమ చేయగల పనుల్లో తేలికైనవాటిలో ఒకటి. దానికే అడ్డం పడుతూ కోట్లు పోసి కార్బన్ క్యాప్చర్ కడుతున్నారంటే, ఆ కట్టడం ఎవరికి చూపించడానికి అన్న అనుమానం వచ్చింది నాకు.

ఈ సైట్‌లో ఇంకో మంచి విషయం: కంపెనీ సభ్యత్వం ఉన్న పరిశ్రమ సంఘాలకు కూడా విడిగా మార్కులు వేస్తారు. చాలా కంపెనీలు తమ నోటితో కటువుగా ఏమీ అనవు, ఆ మాట సంఘం చేత అనిపిస్తాయి. అందుకే కంపెనీ సొంత మార్కు, సంఘాల మార్కు పక్కపక్కన పెట్టి చూడండి. రెండిటి మధ్య దూరం ఎక్కువగా ఉంటే ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే.

పరిమితులు కూడా చెప్పాలి. ఇందులో ఉన్నవి పెద్ద కంపెనీలు, పెద్ద సంఘాలే. చిన్న స్టార్టప్, కన్సల్టెన్సీ, కార్బన్ క్రెడిట్లు అమ్మే మధ్యవర్తి, వీళ్లెవరూ దొరకరు. ఇంకొకటి, మార్కు మొత్తం కంపెనీది, మీరు చేరబోయే విభాగానిది కాదు. సి గ్రేడు కంపెనీలో నిజాయతీగా పనిచేసే టీమ్ ఉండొచ్చు, మంచి గ్రేడు కంపెనీలో మీకు చెత్త పని అప్పజెప్పొచ్చు. అయినా ఉచితంగా, ఆధారం చూపించి మరీ చెప్పే సైట్ ఇంతకన్నా మంచిది నాకు కనపడలేదు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

ఎస్‌బీటీఐ డ్యాష్‌బోర్డు సంగతి. కంపెనీల ఉద్గార లక్ష్యాలు సైన్సుకి తగ్గట్టు ఉన్నాయో లేదో చూసి ముద్ర వేసే సంస్థ ఇది, 2015లో మొదలైంది. డ్యాష్‌బోర్డులో కంపెనీ పేరు వెతికితే దాని లక్ష్యాలు, ఏ సంవత్సరంతో పోల్చి, ఏ సంవత్సరానికి, ఎంత శాతం తగ్గిస్తామన్నారో కనిపిస్తుంది. ఇక్కడ 'మాట ఇచ్చారు' అన్న స్థితికీ 'లక్ష్యం ఆమోదం పొందింది' అన్న స్థితికీ చాలా తేడా ఉంది. మాట ఇచ్చాక ఇరవై నాలుగు నెలల్లో లక్ష్యాలు సమర్పించాలి. అలా సమర్పించని 200కు పైగా కంపెనీల మాటలను 2024 మార్చిలో తీసేసినట్టు చూపించారు, అందులో మైక్రోసాఫ్ట్, యూనిలీవర్, వాల్‌మార్ట్ లాంటి పేర్లు కూడా నెట్ జీరో (వదిలేది ఎంతో తిరిగి తీసేసేదీ అంతే అయి, మిగిలేది సున్నా అవడం) హామీ విషయంలో ఉన్నాయి. కాబట్టి నియామక ప్రకటనలో 'ఎస్‌బీటీఐకి కట్టుబడ్డాం' అని ఉంటే ఆ ఒక్క ముక్క చూసి సంతోషపడొద్దు, స్థితి ఏమిటో చూడండి. నా ఆఫర్‌కి మాత్రం ఇది అంతగా ఉపయోగపడలేదు, ఎందుకంటే చమురు, గ్యాస్ కంపెనీల లక్ష్యాలను పరిశీలించడం ఆ సంస్థ 2022లోనే ఆపేసింది. సిమెంట్, వస్త్రాలు, ఐటీ, రిటైల్ లాంటి రంగాల్లో ఆఫర్ వచ్చినవాళ్లకి బాగా పనికొస్తుంది.

గోగెల్ అంటే ఉర్గెవాల్డ్ అనే జర్మన్ సంస్థ 2021 నుంచి ఇస్తున్న చమురు, గ్యాస్ కంపెనీల జాబితా. ఏ కంపెనీ కొత్తగా ఎంత చమురు, గ్యాస్ తవ్వడానికి సిద్ధమవుతోంది, అన్వేషణ మీద ఎంత ఖర్చు పెడుతోంది అన్నది ఇందులో ఉంటుంది. చూడటానికి ఒట్టి స్ప్రెడ్‌షీటే, కానీ కంపెనీ బ్రోషర్ పక్కన పెట్టుకుని చదవాల్సింది ఇదే. ఇంటర్నేషనల్ ఎనర్జీ ఏజెన్సీ 2021లోనే చెప్పింది, 2050కి నెట్ జీరో చేరే దారిలో అప్పటికే ఆమోదం పొందినవి తప్ప కొత్త చమురు, గ్యాస్ క్షేత్రాలు అవసరం లేదని. అదే ఏజెన్సీ 2023 రిపోర్టు ప్రకారం ప్రపంచంలో క్లీన్ ఎనర్జీ మీద పెడుతున్న పెట్టుబడిలో చమురు, గ్యాస్ కంపెనీల వాటా ఒక్క శాతం. ఈ రెండు సంగతులూ తెలిశాక, విభాగం పేరు ఎంత పచ్చగా ఉన్నా డబ్బు ఎటు పోతోందో చూడకుండా సంతకం పెట్టబుద్ధి కాలేదు.

ఇంతవరకు కంపెనీ గురించి. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది, అక్కడికి ఏ వెబ్‌సైటూ తీసుకెళ్లదు. మీ కుర్చీలో కూర్చుని మీరు చేసే పని దేనికి వాడతారు? ఇది మీరే అడిగి తెలుసుకోవాలి. నేను రెండో ఇంటర్వ్యూలో మేనేజర్‌ని అడిగాను, పట్టుకున్న కార్బన్ డయాక్సైడ్ చివరికి ఎక్కడికి వెళ్తుందండీ అని. ఆయన దాచలేదు, అది మెచ్చుకోవాలి. "మొదటి దశలో మన పాత బావుల్లోకే వెళ్తుందండి, శాశ్వత నిల్వ తర్వాతి దశలో అనుకుంటున్నాం" అన్నారు.

పాత బావుల్లోకి ఎందుకంటే, ఆ వాయువుని ఒత్తిడితో లోపలికి పంపితే రాళ్ల సందుల్లో మిగిలిపోయిన చమురు కదిలి పైకొస్తుంది. ఇంటర్నేషనల్ ఎనర్జీ ఏజెన్సీ లెక్కలో ఇలా ఒక పీపా చమురు తీయడానికి మామూలుగా 300 నుంచి 600 కిలోల కార్బన్ డయాక్సైడ్ లోపలికి పంపుతారు. ఆ పీపా చమురు కాలిస్తే సుమారు 400 కిలోలు గాల్లోకి వస్తుంది, తవ్వకం, శుద్ధి, రవాణా కలిపి ఇంకో వంద. అంటే లోపలికి ఎక్కువ పంపితే కాగితం మీద లాభంలా కూడా కనిపించొచ్చు. కానీ ఆ వాయువు ఫ్యాక్టరీ పొగలోంచి వచ్చిందైతే, ఆ తగ్గింపుని ఫ్యాక్టరీ ఒకసారి తన ఖాతాలో రాసుకుని, చమురు కంపెనీ ఇంకోసారి తన ఖాతాలో రాసుకుంటే, ఒకే టన్నుకి రెండు పుణ్యాలు. మరి మీ రిపోర్టులో ఆ చమురు లెక్క ఉంటుందా అని అడిగితే, లేదండి, మా లెక్క ప్లాంట్ గేటు దాకానే అన్నారు.

ఆ ఒక్క జవాబుతో నా సందేహమేమిటో నాకు స్పష్టమైంది. నేను తయారుచేసే ప్రతి అంకె నిజమే అవుతుంది. పట్టుకున్న టన్నులు నిజం, కరెంటు ఖర్చు నిజం, లీకులు నిజం. కానీ గేటు అవతల ఏం జరిగిందో రాయని నిజం అది. ఆ రిపోర్టు తీసుకెళ్లి ఎవరైనా 'చూడండి, చమురు తవ్వుతూనే శుభ్రంగా ఉండొచ్చు' అంటే, ఆ మాట కింద నా అంకెలు ఉంటాయి. నేను అబద్ధం రాయకపోయినా నా పని అబద్ధానికి ఊతంగా మారుతుంది. ఇది నాకు మింగుడు పడలేదు.

అలాగని కార్బన్ క్యాప్చర్ మొత్తం నాటకమని నేను అనను. సిమెంట్ సంగతి చూడండి. సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, సిమెంట్ ఉద్గారాల్లో సగానికి పైగా అక్కడిదే, ఎంత సోలార్ కరెంటు పెట్టినా అది ఆగదు. నార్వేలో స్లైప్‌నర్ అనే గ్యాస్ క్షేత్రం దగ్గర 1996 నుంచి సముద్రం అడుగు కింది రాళ్ల పొరల్లో వాయువుని నిల్వ చేస్తున్నారు. నార్దర్న్ లైట్స్ అనే ప్రాజెక్టు 2025లో నిల్వ మొదలుపెట్టింది, బ్రెవిక్ సిమెంట్ ప్లాంట్ నుంచి వచ్చిన వాయువుతో. నార్దర్న్ లైట్స్ ఈక్వినార్, షెల్, టోటల్‌ఎనర్జీస్ అనే చమురు కంపెనీలు కలిసి పెట్టిన సంస్థ. అంటే చమురు కంపెనీల చేతుల్లోనే, పైకి చమురు తీయకుండా నిల్వ మాత్రమే చేసే పని కూడా ఉంది. అలాంటి ప్రాజెక్టులో ఇదే అనలిస్ట్ పని ఇచ్చి ఉంటే నేను ఇంత ఆలోచించేదాన్ని కాదు, చేరిపోయేదాన్ని. కంపెనీ పేరు చూసి తేల్చకూడదని నేను అనేది ఇందుకే.

నాకంటే సీనియర్, ఒక అక్క ఉన్నారు, ఇలాంటి కంపెనీలోనే చాలాకాలం చేశారు. ఆమెతో గంటసేపు ఫోన్లో మాట్లాడాను. "నువ్వు వద్దంటే ఆ కుర్చీ ఖాళీగా ఉంటుందా? నీకన్నా పట్టింపు లేనివాడు వచ్చి కూర్చుంటాడు, లోపల ఉంటేనే కదా ఏదైనా మార్చగలం" అన్నారు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. నిజంగానే లోపల ఒక నిక్కచ్చి మనిషి ఉంటే కొన్ని దొంగ లెక్కలు ఆగుతాయి.

కానీ లోపలి నుంచి మార్చాలంటే రెండు కావాలి కదక్కా అన్నాను. మన మాట పై దాకా వెళ్లే దారి ఉండాలి, పైవాళ్లు వద్దన్నప్పుడు బయట చెప్పే స్వేచ్ఛ ఉండాలి. అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్ చరిత్ర దీనికి పెద్ద ఉదాహరణ. అక్కడి శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ 1977లోనే యాజమాన్యానికి కార్బన్ డయాక్సైడ్ ప్రమాదం గురించి వివరించాడు. ఆ తర్వాత అక్కడి శాస్త్రవేత్తలు వేసిన ఉష్ణోగ్రత అంచనాల్లో ఎక్కువ భాగం తర్వాత నిజమయ్యాయని 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. లోపల ఉన్నవాళ్లు తమ పని అద్భుతంగా చేశారు. అయినా కంపెనీ ఏళ్ల తరబడి బయట అనుమానాలే ప్రచారం చేసింది. అక్కడ కొరత పడింది మంచి ఉద్యోగులు కాదు.

ఇంకో విషయం కూడా అక్కతో అన్నాను, ఈ విభాగాలు ఎంతకాలం ఉంటాయన్నది. బీపీ 2020లో, చమురు, గ్యాస్ ఉత్పత్తిని 2030కల్లా 40 శాతం తగ్గిస్తామంది, 2023లో దాన్ని 25 శాతానికి దించింది, 2025 ఫిబ్రవరిలో ఆ లక్ష్యాన్నే వదిలేసింది. షెల్ 2023లో తన లో కార్బన్ విభాగంలో 200 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది. ఎక్సాన్ నాచు నుంచి ఇంధనం తీసే పరిశోధనని 2009లో ఆర్భాటంగా మొదలుపెట్టి చివరికి ఆపేసింది. చమురు ధర పెరిగితే ముందుగా కోత పడేది ఇలాంటి విభాగాలకే. కాబట్టి నైతికత పక్కన పెట్టి ఒట్టి కెరీర్ లెక్క వేసినా ఇది అడగాల్సిందే. ఆమె కాసేపు ఆగి, "అయితే ఊరికే వద్దనకు, నీకు కావాల్సింది రాతపూర్వకంగా అడుగు, ఏమంటారో చూడు" అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన మంచి సలహా అది.

మూడు అడిగాను. ఒకటి, రిపోర్టులో లెక్క గేటు దగ్గర ఆగకూడదు, వాయువు ఎక్కడికి వెళ్లిందో, దానివల్ల ఎంత చమురు బయటికొచ్చిందో కూడా అదే పేజీలో ఉండాలి. రెండు, నా అంకెలను ప్రభుత్వానికి ఇచ్చే పత్రాల్లో వాడితే ముందు నాకు చూపించాలి. మూడు, ఒప్పందంలోని గోప్యత నిబంధన తప్పుడు లెక్కల గురించి నియంత్రణ సంస్థలకు ఫిర్యాదు చేయడాన్ని అడ్డుకోదని స్పష్టంగా రాయాలి. ఒప్పందం కాగితాల్లో గోప్యత గురించి ఉన్న పేరా అందరూ చదవకుండా సంతకం పెట్టేస్తారు, దయచేసి చదవండి. నాకిచ్చినదాంట్లో ఉద్యోగం మానేశాక కూడా ప్రాజెక్టు గురించి 'కంపెనీ ప్రతిష్ఠకు భంగం కలిగేలా' మాట్లాడకూడదని ఉంది, దానికి కాలపరిమితి కూడా లేదు.

మూడోదానికి వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానికి వీలైనంత వరకు అన్నారు. మొదటిదానికి మాత్రం కుదరదన్నారు, రిపోర్టు పద్ధతి మార్చడం విభాగం చేతిలో లేదని. ఆ మేనేజర్ నిజాయతీగానే చెప్పారు, నాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు. కానీ నేను అక్కడికి వెళ్లేదే ఆ లెక్కలు రాయడానికి, ఆ లెక్క ఎక్కడ ఆగాలో చెప్పే హక్కు ఆ గదిలో ఎవరికీ లేకపోతే నేను వెళ్లి చేసేదేమిటి? వద్దని రాశాను. అప్పుల్లో ఉన్నవాళ్లు, ఇంట్లో తమ జీతం మీదే బతికేవాళ్లు ఇలాంటి ఆఫర్‌ని ఒప్పుకుంటే నేను తప్పుపట్టను, నాకు చేతిలో ఇంకో ఉద్యోగం ఉంది కాబట్టి వద్దనగలిగాను.

లాబీమ్యాప్ వాడబోయేవాళ్లకి చివరగా రెండు మాటలు. గ్రేడు పక్కన ఆ కంపెనీ విధానాల విషయంలో ఎంత చురుగ్గా ఉందో చూపే అంకె ఇంకొకటి ఉంటుంది, రెండూ కలిపి చదవండి. డి గ్రేడు ఉండి ఆ అంకె తక్కువగా ఉన్న కంపెనీ వేరు, అదే డి గ్రేడుతో చట్టసభల చుట్టూ నిత్యం తిరుగుతున్న కంపెనీ వేరు. ఆధారాల తేదీలు కూడా చూసుకోండి, పాత పత్రం అయితే కంపెనీ తర్వాత మారిందేమో ఇంటర్వ్యూలోనే అడగొచ్చు. మైనస్ మార్కు ఉన్న గడిలోని పత్రం పేరు, తేదీ రాసుకుని వెళ్లండి. మీరు ఆ పత్రం పేరు చెప్పి అడిగినప్పుడు ఎదుటివాళ్లు ఇచ్చే జవాబుకీ, ఊరికే 'మీరు పర్యావరణానికి కట్టుబడి ఉన్నారా' అని అడిగితే ఇచ్చే జవాబుకీ పోలికే ఉండదు.